ఎవరి నీళ్లు?



ఆస్ట్రేలియాలో ఉన్న మా బంధువులను చూడబోయినప్పుడు, ఆ దేశపు నడిమధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్ నుండి పడమరకు రెండు రోజులు కారులో తిరిగాము. వెస్ట్ మెక్‌డొనెల్ కొండలంటారు. అంతా ఎర్రరాయి. కొండను గొడ్డలితో చీల్చినట్టు సన్నని లోయలు, లోయ మొదట్లో నల్లగా, నిశ్చలంగా నీటి మడుగు. ఏరు మాత్రం ఇసుకమేటే. సింప్సన్స్ గ్యాప్, ఎలరీ క్రీక్, సుమారు 135 కిలోమీటర్ల దూరాన ఆర్మిస్టన్ లోయ, ఇలా ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఆలిస్ స్ప్రింగ్స్ అనే పేరు కూడా ఏటిలోని ఇటువంటి మడుగును చూచి ఊట అనుకొని పెట్టినదేనట!

మొదటి మజిలీ సింప్సన్స్ గ్యాప్‌లోనే మాలో మాకు వాదన పుట్టింది. నీళ్లలోకి దిగరాదని అక్కడ పలక ఉంది. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు దాన్ని చదివించుకొని ముఖం చిట్లించారు. "నీళ్లు ముట్టవద్దనే మాట ఈ వయసులో ఇక్కడ కూడా వినాలా?" అన్నారు.

ఆ మాట ఎక్కడినుండి వచ్చిందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒకప్పటి కోలారు గనులకు, మద్రాసుకు, బొంబాయికి బ్రతకబోయిన మన పెద్దలలో ఎందరో ఊరి బావి గట్టెక్కే హక్కు లేనివారు. కుండ పక్కన పెట్టుకొని, ఎవరైనా దయతలచి పోసేదాకా నిలబడినవారు. చెరువు నీళ్లు దోసిట పట్టి తాగడానికే 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ గారు వేలమందిని వెంటబెట్టుకొని నడవవలసి వచ్చింది. అటువంటి ఇంటి బిడ్డలము గనుక, నీళ్లు దేవుడు అందరికీ ఇచ్చినవి అనే మాట మాకు వాదన కాదు, విశ్వాసము. ఆ మాట పట్టుకొని ఆ మడుగులోకి దిగిపోవచ్చునా? ఇదీ మా ప్రశ్న.

ఆ నేల అరండ ప్రజలది. వారికి ఆ మడుగు పూర్వీకుల కథలతో ముడిపడిన చోటు. వానలేని నెలల్లో అక్కడి జంతువులకు అదే ఆధారము. పెద్దాయన మాత్రం సులభంగా ఒప్పుకోలేదు. "మా ఊరి కరణం కూడా పవిత్రత అనే అన్నాడు" అన్నారు. మేము కొంచెంసేపు మాట్లాడలేకపోయాము. ఎందుకంటే ఆ మాట నిజమే. అయితే ఊరి బావి దగ్గర పెట్టిన ఆంక్ష దప్పిగొన్నవాడిని దప్పికతోనే పంపింది. ఈ ఆంక్ష ఎవరి గొంతూ ఎండబెట్టలేదు. మా కారులో మూడు క్యానుల మంచినీళ్లున్నాయి. మాకు కావలసినది ఈత. దప్పికకు అడ్డుపడే గీత వేరు, సరదాకు అడ్డుపడే గీత వేరు.

పైగా ఆ ప్రజలకు జరిగినది ఏమిటో తెలిసినప్పుడు మా కోపం మాకే సిగ్గనిపించింది. 1870లలో తెల్లవారు పశువుల మందలను తోలుకొచ్చారు, ఉన్న కొద్ది మడుగుల చుట్టూ అవే మూగాయి. 1877లో ఫింక్ నది ఒడ్డున హెర్మన్స్‌బర్గ్‌లో లూథరన్ మిషనరీలు దిగారు. (ఆ కరువు సంవత్సరాలలోనే మన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో మూడున్నర మైళ్ల పని తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు.) 1920ల చివరి కరువులో ఆ మిషనులో తాజా కూరలు లేక స్కర్వీ వ్యాధితో ఎందరో పిల్లలు చనిపోయారు. కపరిల్య ఊట నుండి గొట్టాలు వేసి నీళ్లు తెచ్చేసరికి 1935 అయింది. ఆ మిషనులో పెరిగిన ఆల్బర్ట్ నామత్జీరా ఈ లోయలనే రంగుల్లో దించి దేశమంతటా పేరు పొందాడు. ఆయన చిత్రాలు తెల్లవారి గోడలకెక్కాయి. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకుంటానంటే మాత్రం, ఆదివాసి గనుక, అనుమతి దొరకలేదు. మన పెద్దలను గట్టు దిగమన్న చెయ్యీ, ఆయనను ఊరి బయట ఉండమన్న చెయ్యీ ఒకటే కదా. అందుచేత ఆ పలక ముందు మేము ఏ పక్షమున నిలబడాలి?

రెండవ సమూయేలు 23వ అధ్యాయములోని దావీదు సంగతి అప్పుడు జ్ఞాపకము వచ్చింది. ముగ్గురు శూరులు ప్రాణాలకు తెగించి బేత్లెహేము బావి నీళ్లు తెస్తే, తానే అడిగిన నీళ్లైనా ఆయన తాగక, యెహోవా సన్నిధిని పారబోశాడు. ఆయనకు దాహము నిజమే. నీళ్ల మీద హక్కు లేదని కాదు, అది తన సొంత ఊరి బావి. అయినా ఆ నీళ్లకు ఇతరులు చెల్లించినది చూచి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. మాకైతే దాహము కూడా లేదు.

ఎలరీ క్రీక్‌లో స్నానానికి అనుమతి ఉంది. అక్కడ దిగాము. ఎముకలు కొరికే చలినీళ్లు! దానిలో తప్పున్నదని మేము అనుకోము. ఒంటికి పూసుకున్న ఎండ మందు ముందుగా తుడుచుకొని దిగమని పెద్దాయనే పిల్లలకు చెప్పారు.

తిరుగు ప్రయాణములో సాయంకాలానికి మళ్లీ సింప్సన్స్ గ్యాప్ దగ్గర ఆగాము. రాళ్ల మధ్యనుండి చిన్న వాలబీ, కంగారూ జాతిదే, నల్లని పాదాలతో దిగి వచ్చి మమ్మల్ని చూచి ఆగింది. పెద్దాయన పిల్లలిద్దరి చేతులు పట్టుకొని ఇసుకలోకి వెనక్కు నడిచారు. అది తాగి వెళ్లిందాకా అక్కడే నిలబడ్డాము.