సేవకు లెక్క వ్రాయువాడు

సేవాసంఘములలో అధ్యక్షునికి పూలదండయు, కార్యదర్శికి పనియు దక్కుట అందరు ఎరిగినదే. కళాశాల విద్యార్థుల సంఘములలో ఇది మరింత నిజము. సభ్యులకు కబురు పంపుట, హాజరు వేయుట, చందాలకు రసీదులు వ్రాయుట, గ్రామమునకు బస్సు మాటాడుట, ఆస్పత్రివారిని కలిసికొనుట, తుదకు నివేదిక వ్రాసి సమర్పించుట, ఇవన్నియు పందొమ్మిది ఇరువది యేండ్ల యువకుడో యువతియో చదువు చెడకుండ చేయవలసిన పనులు. వీనిలో కష్టమైనది తిరుగుట కాదు, వ్రాయుట. జరిగినదానిని జరిగినట్లు వ్రాయుట ఒక్కొక్కప్పుడు స్నేహమునకును, సంఘకీర్తికిని, కడకు దయకును ఎదురు నిలుచును. అట్టి సమయమున కార్యదర్శి ధర్మమేది?

విద్యార్థుల సేవ స్వచ్ఛందముగా ఉండవలెనా, నిర్బంధముగా ఉండవలెనా అని మన దేశమున చాలకాలము చర్చ జరిగినది. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము స్వచ్ఛందసేవను సూచించినది. 1959లో డాక్టరు సి. డి. దేశముఖ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము నిర్బంధసేవవైపు మొగ్గినది. తుదకు గాంధీజీ శతజయంతి సందర్భమున 1969 సెప్టెంబరు 24వ తేదీన జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో, 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనప్పుడు స్వచ్ఛందమార్గమునే పట్టినది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటల పని, దానికి తోడు ఒక గ్రామమున ఏడు దినముల శిబిరము, ఇది విద్యార్థి చేయవలసిన సేవ. ఒడిస్సాలోని కోణార్క సూర్యదేవాలయపు రథచక్రము దాని చిహ్నము. ‘నేను కాదు, నీవు’ అనునది దాని నినాదభావము.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. నినాదము ‘నేను’ అనుదానిని వెనుకకు నెట్టుచున్నది. గంటల పుస్తకమో, ఒక్కొక్కరి పేరు వ్రాసి ‘నేను’ అనుదానిని ముందుకు తెచ్చుచున్నది. ఆ గంటలు నిండినవారికి యోగ్యతాపత్రము లభించును. కొన్ని విశ్వవిద్యాలయములలో అదనపు మార్కులును కలవు. కావున కార్యదర్శి చేతిలోని కలము చిన్న వస్తువు కాదు. అది ఒకని చదువునకును, ఉద్యోగమునకును తోడ్పడగలదు.

ఒక స్థితిని ఊహింపవచ్చును. శిబిరము ముగిసినది. ముప్పది మంది ఏడు దినములు గ్రామములో ఉండి కాలువ పూడిక తీసినారు, బడికి సున్నము వేసినారు. ఒక సభ్యుడు మాత్రము రాలేదు. అతడు సోమరి కాడు. తండ్రికి జబ్బుచేసి కొట్టు చూచువారు లేక ఆగిపోయినాడు. అతడు కార్యదర్శికి ప్రాణమిత్రుడు. “ఒరే, రాకూడదని మానేశానా? నాన్నకు ఒంట్లో బాగాలేక కొట్లో కూర్చున్నాను. ఆ ఏడు రోజులూ నా పేరు వేసెయ్యరా. ఎవరికేం నష్టం?” అని అడుగును. కార్యదర్శి మనస్సు కరగుట సహజము. నిజముగా ఎవరికి నష్టము?

పని చేసినవారికి నష్టమని మొదట తోచును. కాని వారిలో పలువురు మంచి మనస్సుతో “పోనీలే, పాపం” అందురు. గ్రామమునకును నష్టము కనబడదు. కాలువలో మట్టి తీయబడినది, అది మరల రాదు. ఈ విధముగా చూచినచో అసత్యము ఎవరిని బాధించనట్లే ఉండును. నష్టము జరిగిన చోటు వేరు.

వ్యాపారకుటుంబములవారికి ఇది సులభముగా తెలియును. కొట్టులో గుమాస్తా రాని రొక్కమును జమ వ్రాసినచో, సాయంకాలము గల్లాపెట్టె తెరచినప్పుడు పట్టుబడును. చిట్టా తప్పు చెప్పినను గల్లా తప్పు చెప్పదు. సేవకు అట్టి గల్లాపెట్టె లేదు. గడచిన గంటను మరల తెచ్చి లెక్కించుటకు వీలులేదు. పుస్తకమున వ్రాసినదే మిగులును. కావున సేవాసంఘములో కార్యదర్శి మనస్సే చిట్టా, కార్యదర్శి మనస్సే గల్లా. అది ఒక్కసారి వంగినచో సరిచూచుటకు రెండవ సాక్షి ఉండదు. మిత్రునికై వ్రాసిన ఒక్క తప్పుపద్దు వలన పుస్తకమందలి ముప్పది నిజమైన పద్దులును సాక్ష్యము కోల్పోవును. నష్టపోయినది ఆ ముప్పది మంది మాటకుండిన విలువ.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున సత్యాణువ్రతమునకు చెప్పిన 5 అతిచారములలో కూటలేఖక్రియ, అనగా దొంగవ్రాత వ్రాయుట, ఒకటి. దాని వెంటనే న్యాసాపహారము, అనగా నమ్మి దాచిన సొమ్మును అపహరించుట, చెప్పబడినది. ఈ రెండును ప్రక్కప్రక్కన ఉండుట ఆలోచింపదగినది. సభ్యులు తమ శ్రమను సంఘమున న్యాసముగా ఉంచుదురు. దానిని గూర్చి దొంగవ్రాత వ్రాసినవాడు ఆ న్యాసమునకు కొంత తరుగు చేసినవాడే యగును.

గాంధీజీ ప్రజాసేవలో తొలుత చేపట్టిన పదవులలో ఒకటి కార్యదర్శి పదవియే. 1894లో దక్షిణాఫ్రికాలోని డర్బనులో నేటాలు ఇండియను కాంగ్రెసు స్థాపింపబడినప్పుడు ఆయన దాని కార్యదర్శి. చిన్న మొత్తమునకైనను రసీదు ఇచ్చుటయు, ప్రతి వ్యయమును పుస్తకమున చూపుటయు ఆయన పట్టుదల. సంస్థయొక్క సత్యము దాని లెక్కల శుద్ధిని ఆశ్రయించి యుండునని ఆయన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. ఆయన 1891లో ముంబయిలో కలిసికొన్న శ్రీమద్ రాజచంద్రులు రత్నవ్యాపారి. వ్యాపారపు మాట ముగియగానే ఆ గద్దెమీదనే ధర్మచింతనకు మరలెడివారట. లెక్కల పుస్తకమును ధర్మపుస్తకమును ఒకే చోట ఉండదగినవని దీనివలన తెలియును.

ఇంకొక దోషము కలదు. వ్రాసినది నిజమే యైనను, పని అంకెకొరకే జరుగవచ్చును. రక్తదానశిబిరము దీనికి తగిన ఉదాహరణము. 18 ఏండ్లు నిండినవారే రక్తమీయవలెను. ఒకసారి ఇచ్చిన పిమ్మట పురుషులు 3 నెలలు, స్త్రీలు 4 నెలలు ఆగవలెను. సేకరించిన ఎర్రకణములు సుమారు 35 మొదలు 42 దినములు మాత్రమే నిలువయుండును. ఇది తెలిసియు, ఒక్కనాడే పెద్ద అంకె చూపవలెనని రక్తనిధికి అవసరమున్నదా లేదా విచారింపక శిబిరము పెట్టినచో, దాతలు ఇచ్చిన దానిలో కొంత పారవేయబడును. వెంటనే ఆ దాతలు మరల ఈయలేరు. పట్టిక నింపుటకై అడుగకయే మిత్రుల పేర్లు వ్రాసినచో, నడిరేయి ఆస్పత్రి నుండి పిలుపు వచ్చినప్పుడు ఒక్కడును లేచి రాడు. అచ్చట అసత్యమునకు మూల్యము ఒక రోగి చెల్లించును.

ఇంత చిక్కు ఏల, సేవకు లెక్కయే వలదు, కుడిచేత ఇచ్చినది ఎడమచేతికి తెలియనక్కరలేదు గదా అని కొందరు అడుగవచ్చును. గుప్తదానము ఉత్తమమనుట నిజమే. కాని గుప్తదానము తన సొమ్ము ఇచ్చువానికి భూషణము, పరుల సొమ్మును చేతులు మార్చువానికి కాదు. దాతకు మౌనము ధర్మము, ధర్మకర్తకు లెక్క ధర్మము. కార్యదర్శి తన గంటలను వ్రాసికొనక మానవచ్చును. పలువురు మంచి కార్యదర్శుల గంటలు ఏ పుస్తకమునను ఉండవు. ఇతరుల గంటలను మాత్రము ఉన్నది ఉన్నట్లు వ్రాయక తప్పదు.

మరి ఆ మిత్రుని మాటేమి? సత్యము పేర కఠినుడగుట కార్యదర్శికి శోభనీయదు. నలుగురిలో తప్పుపట్టుట, అడిగినందులకు అవమానించుట హింసయే. “వేయలేనురా. కాని నువ్వెందుకు రాలేదో అందరికీ తెలుసు. వచ్చే నెల ఆదివారాలు బడిలో పాఠాలు చెప్పాలి, నువ్వు రా. ఈలోగా మీ కొట్లో సాయానికి ఎవరినైనా పంపనా?” అనుట స్నేహము. జబ్బుపడిన తండ్రికి తోడు నిలుచుట గొప్ప ధర్మము. దానికి గౌరవము తెచ్చుటకై శిబిరమను వేరుపేరు పెట్టనక్కరలేదు. శిబిరమునకు వెళ్ళినట్లు వ్రాసినచో, అతడు నిజముగా చేసిన మంచిపని మరుగుపడి, చేయనిది మిగులును.

ఈ ప్రశ్నలో పెద్దల పాలు తక్కువ కాదు. యువకుడు కలము పట్టుటకు ముందే ఇంటిలోను కొట్టులోను చూచి నేర్చుకొనును. చందా అడుగవచ్చిన విద్యార్థికి 500 రూపాయలిచ్చి, రసీదు 1,000కి వ్రాయుమని అడిగిన పెద్దమనిషి, ఆ నిమిషమున ఆ కుర్రవానికి ఒక పాఠము చెప్పినట్లే. ఇచ్చిన దానికి మాత్రమే రసీదు పుచ్చుకొని, “మిగతాది ఎలా ఖర్చయిందో వచ్చి చెప్పు నాయనా” అన్నవాడు వేరొక పాఠము చెప్పినాడు. కుమారుడు యోగ్యతాపత్రముతో ఇంటికి వచ్చినప్పుడు ఎన్ని మార్కులు కలియునని కాక, ఏ ఊరికి వెళ్ళినావు, ఎవరికి ఏమి చేసినావు అని అడిగిన తల్లిదండ్రులు ఆ పత్రమునకు విలువ కట్టినవారగుదురు.

కళాశాల కార్యదర్శి పదవి సాధారణముగా ఒక ఏడాదిది. మరుసటి ఏడు పుస్తకము వేరొకరి చేతికి పోవును. అప్పగించునప్పుడు ఏ పుటయు దాచవలసిన పని లేకుండ, ఏ పేరునకును వేరుగా వివరణ చెప్పవలసిన అవసరము లేకుండ ఇచ్చినవాడు సంఘమునకు గొప్ప సేవ చేసినవాడు. అతడు వ్రాసిన గంటలు ముప్పది తగ్గినను, ఆ తగ్గుదల సిగ్గుపడదగినది కాదు.