ఆడబిడ్డ చెక్కించిన ఇంటిపేరు

వరంగల్‌లో కాకతీయ అన్న మాట కంటపడని దారి తక్కువ. 1959లో మొదలైన వైద్య కళాశాలకు ఆ పేరే, 1976లో ఏర్పడ్డ విశ్వవిద్యాలయానికీ ఆ పేరే, శ్రీరాంసాగర్ నుంచి పొలాలకు నీళ్లు మోసుకొచ్చే కాలువకూ అదే. రాజ్యం 1323లోనే పోయింది. పేరు మాత్రం ఊరందరిదీ అయిపోయింది. ఎంతగా అంటే, అది ఒకప్పుడు ఒక కుటుంబం ఇంటిపేరన్న సంగతి మనకు తట్టను కూడా తట్టదు.

ఆ ఇంటిపేరు ఎట్లా వచ్చిందో రాతిమీద చెప్పించింది ఆ ఇంటి ఆడబిడ్డ. కాకతీయ రాజు గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ నతవాడి రుద్రుడిని పెళ్లాడి వేరే ఇంటికి వెళ్లింది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ధర్మకీర్తి సముద్రమనే చెరువు తవ్వించి, అక్కడ శాసనం వేయించింది. దుర్జయ వంశంలో వెన్నడనేవాడు కాకతి అనే చోటు నుంచి పాలించాడనీ, అందుకే అతని సంతతివాళ్లు కాకతీశులయ్యారనీ చెప్పింది. అతని తర్వాతి గుండరాజుల వరుసను, ఎర్రయను, బేతరాజును పేరుపేరునా చెక్కించింది. ఆ వంశం తొలి తరాల గురించి రాసేవాళ్లందరూ నేటికీ ఈ శాసనం దగ్గరికే రావాలి. కాకతి అనే దేవతను కొలిచినందువల్ల ఆ పేరొచ్చిందని విద్యానాథుడి ప్రతాపరుద్రీయానికి కుమారస్వామి రాసిన వ్యాఖ్యానం చెబుతుంది. నాకు ఈ రెండు కథలకూ పేచీ కనిపించదు. ఊరికీ అమ్మవారికీ ఒకే పేరుండటం మనకు కొత్తేమీ కాదు.

చెరువు తవ్వించిన చోట అత్తగారింటి గొప్ప చెప్పుకుంటే సరిపోయేది కదా, తల్లిగారింటి ముత్తాతల లెక్క ఎందుకు? నేను దీన్ని చాలాసార్లు ఆలోచించాను. నా పదో తరగతి మెమో మీద తల్లిగారింటి పేరుంది, రేషన్ కార్డులో అత్తగారింటిది. ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పదు, అయినా మారిపోతుంది. మా తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో, ఆ ఊరి పేరే మాకు ఎట్లా అంటుకుందో నేను పిల్లలకు చెప్పినంతగా మా అన్నదమ్ములు వాళ్ల పిల్లలకు చెప్పరు. వాళ్లకు ఆ అవసరం రాలేదు. పేరును గడప దగ్గర విడిచి వచ్చినవాళ్లకే దాని కథ పట్టుకుని ఉండాలనిపిస్తుందేమో. మైలాంబ మనసులో ఏముందో శాసనం చెప్పదు. కానీ ఆ వరుస పేర్లు తలచుకున్నప్పుడల్లా నాకు ఒక ఆడబిడ్డ గొంతే వినిపిస్తుంది.

బల్గేరియాలోనైతే ఆడమనిషి ఎవరి తాలూకన్న సంగతి ఇంటిపేరులోనే బయటపడుతుంది. 1987లో రోమ్‌లో 2.09 మీటర్లు ఎత్తు దూకి, 2024 దాకా ఎవరూ దాటలేని రికార్డు పెట్టిన స్తెఫ్కా కోస్తదినోవాను చూడండి. ఆ ఇంటి మగవాళ్లు కోస్తదినోవ్‌లు, ఆడవాళ్లు కోస్తదినోవాలు. మూలపురుషుడు కోస్తదిన్, అంటే మనం కాన్‌స్టంటైన్ అనే పేరే. మన పల్లెల్లో 'ఫలానోళ్ల పిల్ల' అంటామే, అక్కడ దాన్నే ఇంటిపేరు చేసుకున్నారు. ఆమె ఎవరి తాలూకో చెబుతూనే, ఆమె ఆడది అని కూడా ఆ చివరి దీర్ఘం చెబుతుంది. మన ఇంటిపేర్లకు ఆడా మగా తేడా లేదు. అది మంచిదే అనుకునేదాన్ని. కానీ పేరుకు ముందు ఒక్క అక్షరంగా కుదించుకుపోయే మన ఇంటిపేరు ఆమె పుట్టిల్లు ఏదో, మెట్టినిల్లు ఏదో చెప్పనే చెప్పదు.

కాకతి ఇంటిని నిలిపినవాళ్లలో అసలు ఎందరు ఆడవాళ్లు! పసివాడైన బేతరాజు పక్షాన చాళుక్య చక్రవర్తి దగ్గరికి వెళ్లి ఆ ఇంటిని నిలబెట్టిందని గూడూరు శాసనం చెప్పే విరియాల కామసాని మరో ఇంటి మనిషి. గణపతిదేవుడికి కూతుళ్లే వారసులు. రుద్రమ నిడదవోలు చాళుక్య వీరభద్రుడిని పెళ్లాడినా చాళుక్యుల కోడలిగా చరిత్రలో మిగిలిపోలేదు. రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో శాసనాలు వేయించి ఏలింది. ఆ మగపేరు నన్ను బాధపెడుతుంది. సింహాసనం మీద కూర్చోవడానికి తండ్రి వంశం ఒక్కటే చాలలేదు, మగపేరు కూడా కావలసి వచ్చింది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతుంది.

ఆమెకూ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకును దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది. అతనే ప్రతాపరుద్రుడు. తాత నుంచి తల్లికి, తల్లి నుంచి బిడ్డకు, బిడ్డ కడుపున పుట్టినవాడికి, ఇట్లా రెండు తరాల ఆడవాళ్ల మీదుగా నడిచిన పేరు అది. ఈ ఊళ్లో ప్రతాపరుద్రుణ్ణి కాకతీయుడు కాదన్నవాళ్లను నేను చూడలేదు. అతని తండ్రి మహాదేవుడిది ఏ ఇంటిపేరని అడిగినవాళ్లనూ చూడలేదు.