వడపోతకు వివేకము గలదా?

పాలను నీటినుండి వేరుచేయు హంసను మన పూర్వులు వివేకమునకు ఉపమానముగా జెప్పిరి. అయితే అట్లు వేరుచేయుటకు ముందే పాలెట్టివో హంసకు దెలిసి యుండవలెనన్న సంగతిని మన మంతగా విచారింపము. ఇ.సి.జి. యంత్రము చర్మముపై గ్రహించు హృదయవిద్యుత్తు సుమా రొక మిల్లీవోల్టు మాత్రమే. దానితోబాటు ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములవలని మందమైన యూగిసలాటయు, కండరముల విద్యుత్తును, గోడలలోని తీగలనుండి సంక్రమించు 50 హెర్ట్‌జ్‌ల రొదయు లోనికి వచ్చును. వీనిని తొలగింప నియుక్తమైన ఫిల్టరునకు హృదయమన నేమో తెలియదు, అది యెరిగినది వేగ మొక్కటియే. కనుక 50 హెర్ట్‌జ్‌లను త్రోసివేయునపుడు ఆ వేగమున నడచు హృదయాంశమును గూడ నిస్సంకోచముగా త్రోసివేయును.

మరి రొద యనునది వస్తువునందున్నదా, వెదకువాని యపేక్షయందున్నదా? హృద్రోగవైద్యుడు మలినమని విసర్జించు కండరవిద్యుత్తే ఇ.ఎం.జి. పరీక్ష చేయు వైద్యునకు ప్రధానవిషయము. కావున మాలిన్యము దృష్టిధర్మమే గాని వస్తుధర్మము గాదని వేదాంతి సంతోషింపవచ్చును. నే నంత సులభముగా సమ్మతింపజాలను. ఏలయన, ఎవ్వరి యపేక్షకును లోబడని రొద యొకటి కలదు, అది వడపోతయందే జనించును. 1928లో జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ గణితముచే వివరించిన యీ రొద, వేడిమి గల ప్రతి నిరోధకమునందును ఎలక్ట్రానుల యెడతెగని చలనమువలన గలుగునది. దానిని సగమునకు దగ్గింపవలెనన్న ఫిల్టరులోని కెపాసిటరును నాలుగింతలు చేయవలెను. అప్పుడును ఫిల్టరు త్రోసివేయు వేగము మారకుండవలెనన్న విద్యుత్ప్రవాహమును నాలుగింతలు గావలెను.

అయితే ఇట్టి ఫిల్టరునే కలిగి, చర్మము క్రింద నమర్చిన పేస్‌మేకరు ఒక్క బ్యాటరీతో ఏండ్లతరబడి పనిచేయవలసి యుండగా, దానిని మార్చుటకు మరల శస్త్రచికిత్స తప్పనిదై యుండగా, అంత వ్యయ మెవ్వరు భరింతురు? అందుచే ఇట్టి వలయములలో ట్రాన్సిస్టర్లను పూర్తిగా తెరువక, నానోఆంపియర్ల ప్రవాహముతో నడుపుదురు. మితాహారము చిత్తశుద్ధికి సాధనమని యోగులు చెప్పుదురు గాని, ఇచ్చట ఆహారము తగ్గినకొలది స్వీయమాలిన్యమే పెరుగుచున్నది! నిపుణుడైన రూపకర్త నిర్మలత్వమును కోరడు. వైద్యుడు వెదకు అత్యల్పచిహ్నముకంటె రొద తక్కువగా నున్న జాలునని యెంచి, అచ్చటనే యాగును.

ఇట్టి రాజీయే ఇ.సి.జి.యందును గలదు. ఇ.సి.జి. మానిటరు సాధారణముగా 0.5 హెర్ట్‌జ్‌లకు దిగువదానిని గోసివేయుటచే గీత నిలకడగా నుండును, కాని ఆ గీతలో యెస్.టి. యను భాగము వికృతమై లేని వ్యాధి యున్నట్లు భ్రమ గొలుపవచ్చును. రోగనిర్ణయమునకు 0.05 వరకు దిగవలెను. దిగినచో గీత యూగును. కనుకనే పరీక్ష చేయువారు ఫిల్టరుచేత గాని పనిని కొంత రోగికే యప్పగించి, కదలక పరుండు మందురు.