తెలియనివాళ్ళ ఉత్తరం

2010 నవంబర్ 15న ఫేస్‌బుక్ తన సభ్యులకి ఈమెయిల్ అడ్రసులు ఇస్తానని ప్రకటించింది. పేరు, పక్కన ఎట్ ఫేస్‌బుక్ డాట్ కామ్. జీమెయిల్ పని అయిపోయిందని టెక్ పత్రికలు అంతకు ముందు నుంచే హడావుడి చేశాయి. జకర్‌బర్గ్ మాత్రం ఇది ఈమెయిల్‌ని చంపడానికి కాదన్నాడు. హైస్కూలు పిల్లలకి ఈమెయిల్ మరీ నెమ్మదిగా, మరీ మర్యాదగా అనిపిస్తోందట, వాళ్ళ కోసమట. మూడేళ్ళు దాటాక, 2014 ఫిబ్రవరిలో, ఆ అడ్రసులకి మంగళం పాడేశారు. అదే నెలలో వాట్సాప్‌ని 1900 కోట్ల డాలర్లకి కొంటున్నామని చెప్పారు కాబట్టి ఈ మూసివేత ఎవరికీ పట్టలేదు.

ఓడిపోయిన సరుకు సంగతి ఇప్పుడెందుకంటే, అందులో ఒక ఏర్పాటు ఉండేది. స్నేహితులూ, వాళ్ళ స్నేహితులూ రాసినవి ముందు పెట్టెలో పడతాయి. మిగిలినవాళ్ళవి ‘అదర్’ అనే అరలోకి పోతాయి. ఆ అర ఉందని చాలామందికి తెలియనే తెలియదు. అడ్రసులు పోయాయి గానీ అర పోలేదు. 2015 చివరిలో మెసేజ్ రిక్వెస్టులు వచ్చేదాకా అలాగే ఉంది. మనకి తెలిసినవాళ్ళే మనకి ముఖ్యం అనేది ఆ ఏర్పాటు వెనకున్న నమ్మకం. వినడానికి ఎంత సహజంగా ఉంది! నాకు ఒప్పుకోవాలనిపించదు.

గద్వాల సంగతే తీసుకోండి. రాజోలిలోనో అమరచింతలోనో మగ్గం మీద చీర నేసి, ఫోటో తీసి పేజీలో పెట్టే మనిషికి స్నేహితులు లైకులు కొడతారు. కొనేది మాత్రం ముక్కూమొహం తెలియని మనిషే. విశాఖపట్నం నుంచో డల్లాస్ నుంచో “ఈ రంగులో ఇంకోటి ఉందా?” అని అడిగేది వాళ్ళే. అంటే ఆ మనిషి బతుకు ‘అదర్’ అరలోనే ఉంది. “హ్యాపీ బర్త్‌డే అన్నా”లన్నీ ముందు పెట్టెలో.

వ్యాపారం ఒక్కటే కాదు. ఈ నడిగడ్డ మనిషే సురవరం ప్రతాపరెడ్డి, ఇటిక్యాలపాడు ఆయన ఊరు, 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే కూడా అయ్యాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చాడు. 354 మంది కవులు. ఇందులో ఆయనకి ముందే తెలిసినవాళ్ళు ఎందరుంటారు? గోలకొండ పత్రిక నడిపిన మనిషి కాబట్టి పరిచయాలు ఎక్కువే అనుకుందాం. అయినా ఏ మూల ఊళ్ళోనో కూర్చుని పద్యం రాసుకునే మనిషి ఎడిటరుకి అపరిచితుడే. స్నేహితుల స్నేహితుల దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ పుస్తకం పదిమంది హైదరాబాదు మిత్రుల సంకలనం అయ్యేది. కవులు లేరన్నవాళ్ళ మాటే నిజమనిపించేది కూడా. లేరు అనడానికి, నాకు తెలియదు అనడానికి తేడా చెరిపేసే పెట్టెలో ఉన్న ప్రమాదం అదే.

దీనికి ఎదురు వాదన చిన్నదేం కాదు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయిని అడగండి, తెలియనివాళ్ళ మెసేజీలు అంటే ఏమిటో. “హాయ్ డియర్” దగ్గర మొదలై ఎక్కడికి పోతాయో. ఆమెకి ఆ అర గోడ కాదు, గొళ్ళెం. అపరిచితుడి మాట వినాల్సిన బాధ్యత మనిషికి ఉందని నీతి చెప్పేవాళ్ళలో (ఎక్కువగా మగవాళ్ళమే) ఎంతమంది ఆ ఇన్‌బాక్సుని ఒక వారం మోయగలరు? తలుపు వేసుకునే హక్కు ఆమెది. ఇందులో నాకు అనుమానం లేదు.

అయితే గొళ్ళెం ఎవరు పెట్టారు, బయటివాడికి ఆ సంగతి తెలుసా అనేవి వేరే ప్రశ్నలు. పోస్టులో పోయిన రిజిస్టరు ఉత్తరం అందకపోతే కవరు మీద కారణం రాసి వెనక్కి పంపేవాళ్ళు: తలుపు తాళం, మనిషి ఊళ్ళో లేడు, తీసుకోనన్నాడు. అందని మామూలు ఉత్తరాల కోసం రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసే ఉంది. అదర్ అరలో పడ్డదానికి ఆ గతి కూడా లేదు. రాసినవాడు చేరిందనే అనుకుంటాడు. అందుకోవాల్సినవాడికి వచ్చిందనే తెలియదు. ఉద్యోగం గురించి అడిగిన కుర్రాడు “చూసి కూడా పలకలేదు, ఎంత పొగరు” అనుకుంటాడు. ఇక్కడ ఎవరూ కాదనలేదు, అయినా కాదన్నట్టయింది. నా నోటితో నేను అనని మాటని నా తరఫున ఇంకెవరో అనేశారు. వడపోత తప్పంటే నేను ఒప్పుకోను. నా మౌనాన్ని నాకే తెలియకుండా తయారుచేసి పంపడం తప్పు.

2012 జూన్‌లో చేసిందీ ఇలాంటిదే. ప్రొఫైళ్ళలో జనం పెట్టుకున్న జీమెయిల్, యాహూ అడ్రసులు కనబడకుండా చేసి, వాటి స్థానంలో తమ అడ్రసు చూపించారు. కొందరి ఫోన్లలో కాంటాక్టులు కూడా మారిపోయాయి. ఉత్తరాలు ఎవరూ తెరవని పెట్టెలోకి పోయాయి. మా వైపు అడ్రసులు కూడా మారాయి లెండి. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలై వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేరే జిల్లాలయ్యాయి. పిన్‌కోడ్లు మాత్రం 509103, 509209, 509125 అలాగే ఉన్నాయి. పాత జిల్లా పేరు రాసినా ఉత్తరం చేరుతుంది.

ఈమెయిల్ గొప్పతనం అదే అనుకుంటాను: దానికి యజమాని లేడు. 1982లో రాసుకున్న ఒక ఒప్పందం మీద నడుస్తోంది కాబట్టి ఏ కంపెనీ పెట్టె నుంచైనా ఏ కంపెనీ పెట్టెకైనా పోతుంది, ఇద్దరూ ఒకే చోట సభ్యులు కానక్కర్లేదు. నిజాం కాలంలో ఆయన టపా ఆయన రాజ్యంలోనే చెల్లేది. తుంగభద్రకి ఇవతల గద్వాల, అవతల కర్నూలు. మధ్యలో ఏరు ఒక్కటే, టపాలు మాత్రం రెండు. 1950 దాకా అంతే. ఇప్పుడు గద్వాల చీరల బేరాలన్నీ వాట్సాప్‌లో, అంటే మళ్ళీ ఒక రాజ్యం టపాలో. రిక్వెస్టులు మెసెంజర్లో ఇప్పుడు కనబడే చోటే ఉన్నాయి. వాటి వెనక స్పామ్ అని ఇంకో అర ఉంది. అందులో ఏం పడాలో ఇప్పటికీ మనల్ని అడగరు.