వెనక్కి దిగడం అవిశ్వాసమా?



వేసవిలో లాంగ్ వీకెండ్ వస్తే మన సహవాసాల్లో చాలామంది టెంట్లు, బ్యాక్‌ప్యాక్‌లు సర్దుకుని కొండలెక్కుతున్నారు. దేవుని సృష్టిని చూడడం మంచిదే. బయలుదేరే ముందు అందరం చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకుంటాం, అదీ మంచిదే. అయితే దారి మధ్యలో మబ్బు కమ్ముకొస్తే, "ప్రార్థన చేసుకునే వచ్చాం కదా, ఏమీ కాదులే" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు మీరేం చేస్తారు?

కొలరాడోలోని రాకీ పర్వతాలనే తీసుకోండి. వేసవి ఉదయం అక్కడ ఆకాశం తరచుగా నిర్మలంగా ఉంటుంది. ఎండకు వేడెక్కిన గాలి కొండవాలు వెంట పైకి లేచి, మధ్యాహ్నానికి ఉరుముల మేఘమవుతుంది. అందుకే 14,259 అడుగుల లాంగ్స్ పీక్ ఎక్కేవారు చాలామంది చీకటితోనే నడక మొదలుపెట్టి, మధ్యాహ్నంలోగా చెట్లున్న ఎత్తుకు దిగి రావాలని చూస్తారు. పిడుగు మేఘానికి 10 మైళ్ల దూరంలో కూడా పడగలదు. ఉరుము వినబడిందంటే మీరు ప్రమాదంలో ఉన్నట్టే. టెంట్ పిడుగును ఆపదు. ఒంటరి చెట్టు కింద నిలబడడం మరీ ప్రమాదం. శిఖరం వదిలి దిగాలి, ఒకరికొకరు ఎడంగా ఉండాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

ఇవన్నీ తెలిసి కూడా పైకే నడిస్తే అది విశ్వాసమా? దేవాలయ శిఖరం మీద నుండి దూకమని అపవాది అడిగినప్పుడు లేఖనాన్నే చూపించాడు. ప్రభువు దూకలేదు. తండ్రి మీద నమ్మకం లేక కాదు, తండ్రిని శోధించకూడదు గనుక.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదవండి. ఇక ప్రయాణం హానికరమని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి నావికుని మాట, ఓడ యజమాని మాట విన్నాడు. తుపానులో అందరి ప్రాణాలు దక్కుతాయని దేవదూత మాట ఇచ్చిన తర్వాత కూడా, ఓడవారు పారిపోతుంటే పౌలు ఊరుకోలేదు. వారు ఓడలో ఉంటేనే మీరు బ్రతుకుతారన్నాడు. వాగ్దానం ఉంది, జాగ్రత్త కూడా ఉంది. 276 మందీ ఒడ్డు చేరారు.

"అలాగైతే శిష్యులు కూడా తుపానులో పడ్డారు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ వారిని ఆవలి ఒడ్డుకు రమ్మన్నది ప్రభువే. పిలుపుకు లోబడి వెళ్లినప్పుడు ఎదురైన తుపాను వేరు, ఫోటో కోసం మనమే ఎదురు వెళ్లిన తుపాను వేరు.

మరో సంగతి. మన తెగింపు మన ఒక్కరితో ఆగదు. కొలరాడో కొండల్లో చిక్కుకున్నవారిని వెదికేవారిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులే. నా "విశ్వాసం" కోసం మరొకరి కొడుకు ఆ పిడుగుల్లోకి రావాలా? మన గుంపులోనే భయపడుతున్న ఒక చెల్లెలు, అవిశ్వాసి అంటారేమోనని నోరు మూసుకుని నడవాలా? పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ కొండ మీద కూడా ఆజ్ఞే.

కాబట్టి ఈసారి ప్రార్థనతో పాటు రెండు మాటలు అనుకోండి. శిఖరం చేరినా చేరకపోయినా ఏ గంటకు వెనక్కి తిరగాలో కిందనే నిర్ణయించుకోండి. గుంపులో ఎవరు "దిగుదాం" అన్నా, ఎందుకని అడగకుండా అందరూ దిగండి.