వెల పెరిగిన వస్తువును దాని యజమానుడును

ఒక వస్తువు ఉన్నది ఉన్నట్లే ఉండగా, దాని వెల మాత్రము పదింతలు, నూరింతలు పెరిగినయెడల, దానిని కలిగియున్న మనుష్యుడు నిజముగా ధనవంతుడాయెనా? ఈ ప్రశ్న ధనిక దేశములకు మాత్రమే చెందినదని తలంపవద్దు. ఇది మన గ్రామములలోను మన వాకిట నిలిచియున్నది. అయితే దానిని తేటగా చూచుటకు మొదట దూరమందలి ఒక సంగతిని ఆలోచింతము.

ఐరోపాలోను అమెరికాలోను పాత మోటారు కార్లను సేకరించి కాపాడువారు అనేకులు కలరు. ఇటలీ దేశపు ఫెరారి కంపెనీవారు 1962 మొదలుకొని 1964 వరకు 250 జి.టి.ఓ. అను పందెపు కార్లను 36 మాత్రమే చేసిరి. అమెరికాలో అప్పుడు దాని వెల సుమారు 18,000 డాలర్లు. కొద్ది సంవత్సరములలోనే క్రొత్త కార్లు దానిని మించిపోగా, అది ముసలిదైన పందెపు గుఱ్ఱమువలె ఆయెను. వాటిలో ఒకటి టెక్సాసు రాష్ట్రమందలి ఒక ఉన్నత పాఠశాలకు, పిల్లలకు మరమ్మతు పని నేర్పుటకని, దానముగా ఇయ్యబడెను. 1972లో ఆ పాఠశాలవారు దానిని కొద్ది వేల డాలర్లకు అమ్మివేసిరి. తరువాత అది అనేక సంవత్సరములు ఒహాయో రాష్ట్రములో ఒక పొలమునందు ఎండకు వానకు నిలిచియుండెను. అదే రకపు కారు ఒకటి 2018లో కాలిఫోర్నియాలో జరిగిన వేలములో 4 కోట్ల 84 లక్షల డాలర్లకును, మరియొకటి 2023లో న్యూయార్కులో 5 కోట్ల 17 లక్షల డాలర్లకును అమ్ముడుపోయెను.

ఇనుము అదే. చక్రములు అవే. అది మునుపటికంటె వేగముగా పరుగెత్తదు, మునుపటికంటె ఎక్కువమందిని మోయదు. మరి ఏమి మారెను? మనుష్యుల కోరిక మారెను. చిన్నతనములో ఆ కార్ల బొమ్మలు చూచి ఆశపడిన పిల్లలు పెద్దవారై ధనము సంపాదించిరి. తమ ధనమును దాచుటకు చోటు వెదకువారును వారితో చేరిరి. కోరువారు పెరిగిరి, వస్తువు పెరుగలేదు. గనుక వెల పెరిగెను. కాబట్టి ఆ వెల కారులో లేదు, ఇతరుల కన్నులలో ఉన్నది. ఇతరుల కన్నులలో ఉన్నది వారు కన్ను త్రిప్పుకొనిన దినమున పోవును. 1980ల చివర ఇట్లే జరిగెను. 1988లో ఎంజో ఫెరారి మరణించిన పిమ్మట ఆ కార్ల వెలలు మరింత ఎగసెను. అప్పు తెచ్చి కొనినవారును కలరు. 1990 తరువాత కొన్నింటి వెల మూడవ వంతుకు దిగిపోయెను. కారు పోలేదు, అప్పు పోలేదు. వెల మాత్రమే పోయెను.

ఇప్పుడు, చౌకగా ఉన్న దినములలో ఇట్టి కారొకటి కొని, దానిని ప్రేమించి, తన చేతులతో బాగుచేసికొనిన ఒక సామాన్యుని తలంచుకొనుడి. నిన్నటివరకు అతడు సెలవు దినమున భార్యాబిడ్డలను ఎక్కించుకొని వెళ్ళెడివాడు. వెల పెరిగెను. దానితోకూడ బీమా రుసుము పెరిగెను, విడిభాగముల వెల పెరిగెను, దొంగల భయము పెరిగెను. ఎవరైన ఒక గీత గీయుదురేమో అని వీధిలో నిలుపుటకును జంకును. చివరకు తాళము వేసి లోపల ఉంచును. అయితే నిలిచిన కారు చెడును. పెట్రోలు పాడై జిగురగును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొని లోపలి ఇనుమును తినివేయును. రబ్బరు ఎండి పగులును. కాపాడవలెనని మూసిన తలుపే దానిని పాడుచేయును. అమ్మినయెడల ప్రియమైనది పోవును, అమ్మనియెడల వాడుకొనలేడు. లోకము అతనిని భాగ్యవంతుడనుచున్నది. కాని నిన్న అతనికి ఒక కారు ఉండెను, నేడు అతనికి ఒక కావలి పని ఉన్నది.

ఫ్రాన్సు దేశములో రోజె బయ్యోన్ అను రవాణా వ్యాపారి పాత కార్లను విస్తారముగా సమకూర్చెను. వాటికొరకు ఒక ప్రదర్శనశాల కట్టవలెనని ఆయన ఉద్దేశము. 1970లలో వ్యాపారము దెబ్బతినగా కొన్ని అమ్ముడుపోయెను, మిగిలినవి పల్లెటూరిలో రేకుల పాకల క్రింద నిలిచిపోయెను. ఆయనయు ఆయన కుమారుడును గతించిన తరువాత, 2015లో సుమారు 60 కార్లు పారిసులో వేలము వేయబడెను. పాత పత్రికల కట్టల క్రింద దొరికిన ఒక ఫెరారి మాత్రమే 1 కోటి 63 లక్షల యూరోలు పలికెను.

చిమ్మెటయు తుప్పును తినివేయు చోట ధనము కూర్చుకొనవద్దని ప్రభువు కొండమీద బోధించెను గదా. ఇక్కడ తుప్పు పట్టినను వెల తగ్గలేదే, ఆ బోధ తప్పిపోయెనా అని ఎవరైన అడుగవచ్చును. తప్పిపోలేదు. ధనము నిలిచెను, దానిని కూర్చినవాడు నిలువలేదు. తుప్పు ఇనుముకంటె ముందుగా ఎవరిని చేరునో ప్రభువు ఎరిగియుండెను.

దీనికి సాక్ష్యము మన హైదరాబాదులోనే కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లాండునుండి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి తెప్పించుటకు ఆజ్ఞ ఇచ్చెను. అది చేరకమునుపే 1911లో ఆయన మరణించెను. కొద్ది వందల మైళ్ళు మాత్రమే నడచిన ఆ కారు చౌమహల్లా ప్యాలెస్‌లో చూపబడుచున్నది. చూచువారు కారును మెచ్చుకొందురు. దానిలో ఎక్కవలెనని కోరినవాడు ఒక్కసారియు ఎక్కలేదు.

లూకా సువార్త 12వ అధ్యాయములో, పండిన పంటకు చోటు చాలక కొట్లు పెద్దవి చేయనెంచిన ధనవంతుని ఉపమానమును మీరు ఎరుగుదురు. ఆ ఉపమానము ఏ సందర్భమున చెప్పబడెనో జ్ఞాపకము చేసికొనుడి. తండ్రి ఆస్తిలో పాలు పంచునట్లు తన సహోదరునితో చెప్పుమని ఒకడు ప్రభువును అడిగినప్పుడు ఆయన దానిని చెప్పెను. ఆ ధనవంతుడు దొంగ కాడు. అతని భూమి పండెను, అంతే. అయితే ఆ రాత్రి అతడు తనతోనే మాటలాడుకొనెను. ఆ మాటలలో పొరుగువాడు లేడు, దేవుడును లేడు. పెరిగినదానిని చూచి అతడు తన ప్రాణమునకు ధైర్యము చెప్పెను, ఆ ప్రాణమే ఆ రాత్రి అడుగబడెను.

అట్లయితే మంచి వెలకు అమ్ముట పాపమా? కాదు. పాతదానిని కాపాడుట వ్యర్థమా? అదియు కాదు. పూర్వపు పనివారి చేతిపనిని గౌరవించుట మంచిదే. అమ్మి బీదలకు ఇచ్చుట ఒక్కటే భక్తి అని కూడ చెప్పజాలము. బేతనియలో మరియ ప్రభువును అభిషేకించినప్పుడు, ఆ అత్తరు మూడువందల దేనారములకు అమ్మదగినదని లెక్క చెప్పినవారు ఉండిరి. వారి లెక్క సరియైనదే. అయినను ప్రభువు ఆమె పక్షమున మాటలాడెను. ఏలయనగా ఆమె దాని వెలను ఎరిగియు, ఆ వెలకు దాసురాలు కాలేదు. ఉంచుకొనినను, అమ్మినను, ఇచ్చినను, చేయి విడుదల పొందినదై యున్నదా అన్నదే ప్రశ్న.

జర్మనీ దేశపు మెర్సిడెస్ బెంజ్ కంపెనీవారు 1955లో రెండే రెండు చేసిన ఒక రకపు కార్లలో ఒకదానిని 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్మి, ఆ సొమ్ముతో విద్యార్థి వేతనముల నిధి నెలకొల్పిరి. రెండవది తమయొద్దనే ఉంచుకొనిరి. ఎనుబది సంవత్సరములైనను కదలక నిలువదగిన ఇనుము, ఎక్కడనో ఒక బీద విద్యార్థికి చదువు కాగలదు. వస్తువు తన యజమానునికంటె పెద్ద పని చేయగలదని దీనివలన నేర్చుకొనవచ్చును.

ఇప్పుడు మన యింటికి వత్తము. మనలో ఎవరికిని ఫెరారి లేదు. అయితే ఊరి ప్రక్కగా పెద్ద రోడ్డు పడినప్పుడు మన ఎకరమునకు ఏమి జరిగెను? రోడ్డు పడినందున ఆ చేను ఒక్క బస్తా ధాన్యమైన అధికముగా పండలేదు. కాని నిన్నటివరకు ఒకే కంచములో తినిన అన్నదమ్ములు నేడు కొలత గొలుసు పట్టుకొని గట్టుమీద నిలుచుచున్నారు. ఆడపడుచు పుట్టింటికి వచ్చినను, పాలు అడుగుటకే వచ్చెనేమో అని అనుమానించుచున్నారు. ఆరాధనలో ప్రక్కప్రక్కన కూర్చుండిన కుటుంబములు సబ్‌రిజిస్ట్రారు కచేరిలో ఎదురెదురుగా నిలుచుచున్నవి.

సంఘమునకును ఈ శోధన తప్పలేదు. పూర్వపు మిషనెరీలును మన పెద్దలును బడికొరకు, ఆసుపత్రికొరకు, ప్రార్థనకొరకు సంపాదించిన స్థలములు నేడు పట్టణముల నడుమ చిక్కి కోట్లు పలుకుచున్నవి. ఎవరును కోరని దినములలో ఆ స్థలములో పిల్లలు చదువుకొనిరి, రోగులు స్వస్థపడిరి. వెల పెరిగిన తరువాత అనేక చోట్ల సంఘపు స్థలములను గూర్చి వ్యాజ్యెములు నడచుచున్నవి. కారునకు తాళము వేసిన ఆ సామాన్యునికిని, బడిని మరచి స్థలమును కాచుకొను సంఘమునకును భేదమేమి?

కాబట్టి, ప్రియులారా, మనలను మనము పరీక్షించుకొనుటకు ఒక మార్గమున్నది. వెల తెలియకమునుపు ఆ వస్తువుతో ఏ మేలు చేసితిమో, వెల తెలిసిన తరువాతను ఆ మేలు చేయగలమా? చేను చౌకగా ఉన్నప్పుడు విధవరాలి మేక గట్టుమీద మేసెను, ఇప్పుడును మేయుచున్నదా? బావినీళ్లు పొరుగువారు తోడుకొనిరి, ఇప్పుడును తోడుకొనుచున్నారా? చెల్లెలికి వాకిట మంచము వేసితిమి, ఇప్పుడును వేయుచున్నామా? అట్లయితే వెల పెరుగుట మనకు హాని చేయలేదు. లేనియెడల, లోకము మనకు ఎంత వెల కట్టినను మన ఆస్తి తరిగిపోయినది. ఏ గట్టుకు క్రొత్తగా కంచె వేసితిమో ఈ వారమే వెళ్లి చూతము. కంచె తీయవలసియున్నయెడల తీయుటకు, పిలువవలసిన సహోదరుడున్నయెడల పిలుచుటకు ప్రభువు మనకు విడుదల పొందిన చేతులను దయచేయును గాక. ఆమేన్.