పిలిచిన పలుకు దీపము



సాయంకాలము మీ ఇంట దీపము ఎట్లు వెలుగుచున్నది? గోడమీది స్విచ్చి నొక్కగా వెలుగుచున్నదని చెప్పుదురు. కరెంటు పోయిన దినమున కొవ్వొత్తియో, ఫోనులోని టార్చియో ఉండనే యున్నది. నేను కొంతకాలము క్రిందట హైదరాబాదులోనున్న మా కుమార్తె ఇంటికి పోయినప్పుడు, అక్కడ దీపములు మాటతో వెలుగుట చూచితిని. బల్లమీద కొబ్బరికాయంత గుండ్రని పెట్టె యొకటి యున్నది. దానిని "అలెక్సా" అని పేరు పెట్టి పిలిచి "లైట్స్ ఆన్" అనినయెడల ముందుగదిలో దీపములు వెలుగును. పడకగదిలో దీపము ఆర్పుమనిన ఆరును. వెలుగు తగ్గించుమనిన తగ్గును. మా అల్లుడు ఆఫీసులో కూర్చుండి, మరచి వచ్చిన దీపమును ఫోనుద్వారా ఆర్పగలడు. లేచి గోడయొద్దకు పోవలసిన పని ఆ ఇంటిలో ఎవరికిని లేదు.

ఇది ఎట్లు జరుగుచున్నదని అల్లుని అడుగగా అతడు ఓపికతో చెప్పెను. ఆ పెట్టె ఎల్లప్పుడు చెవియొగ్గి తన పేరు కొరకు కనిపెట్టుకొని యుండునట. పేరు వినబడగానే, దాని తరువాత మనము పలికిన మాటలను ఇంటర్నెట్టు మీదుగా ఎక్కడనో యున్న పెద్ద కంప్యూటర్లకు పంపును. అవి ఆ ధ్వనిని మాటలుగా పోల్చుకొని, వాటి భావము గ్రహించి, ఏ గదిలో ఏ దీపమో తెలిసికొని, ఆజ్ఞను తిరిగి పంపును. మనము గుటక మ్రింగునంతలో ఇదంతయు ముగియును. అమెజాన్ కంపెనీవారు దీనిని అమెరికాలో 2014లో బయటపెట్టిరి. మన దేశమునకు 2017లో వచ్చినది. 2019లో హిందీ కూడ నేర్చినది.

చీమకుర్తికి తిరిగి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు, మన సంఘపు యువకుడొకడు నవ్వి, "అయ్యగారూ, ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మాటతో చేసిన పని ఇప్పుడు మేమే చేసేస్తున్నామన్నమాట!" అనెను. ప్రక్కనున్న ఒక పెద్దాయన ఆ మాటకు నొచ్చుకొని, ఇట్టి యంత్రము విశ్వాసి ఇంట ఉండవచ్చునా అని నన్ను అడిగెను. ఆ దినమున ఇద్దరికిని సరిగా జవాబు చెప్పలేకపోతిని. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

యువకునికి చెప్పవలసినది కొంచెమే. దేవుడు ఏమియు లేనిచోట వెలుగును కలుగజేసెను. మనమో, ఎవరో తీగెలు లాగి, ఎవరో బల్బు చేసి పెట్టిన తరువాత నోరు తెరచుచున్నాము. నెలాఖరున వచ్చు బిల్లు చూచినయెడల మనము సృష్టికర్తలము కామని తెలియును.

పెద్దాయనకు మరికొంత చెప్పవలెను. దీపమును చేతితో వెలిగించుటలో పుణ్యము లేదు, నోటితో వెలిగించుటలో పాపము లేదు. మన సంఘములో ఒక సహోదరుడున్నాడు. ఆయన గ్రానైటు క్వారీలో చాల యేండ్లు పనిచేసెను. మన ఊరి నల్లరాయి మీకు తెలిసినదే. నల్లని రాతిలో బ్రాంజైటు అను ఖనిజపు తునకలు రాత్రి ఆకాశములో నక్షత్రములవలె మెరయును గనుక దానికి గెలాక్సీ అను పేరు వచ్చినది. ఆ పేరుతో అది సముద్రములు దాటి పోవుచున్నది. ఆ రాయి తీయుచోట ఆయన పైమెట్టునుండి పడగా వెన్నుపూస విరిగినది. నడుము క్రింద స్పర్శలేదు. ఆయన కుమారుడు ఒంగోలులో ఎలక్ట్రికల్ షాపులో పనిచేయుచు, అట్టి పెట్టె నొకటి తెచ్చి తండ్రి మంచముప్రక్కన పెట్టెను. ఆ సహోదరునికి ఇంగ్లీషు రాదు. అయినను "అలెక్సా, లైట్ ఆన్" అను మూడు మాటలు నేర్చెను. పలుకుట ఎట్లున్నను అది గ్రహించుచున్నది.

అంతకుముందు ఆయన రాత్రులెట్లుండెడివో నాకు చెప్పెను. మెలకువ వచ్చినప్పుడు కోడలిని పిలువవలెను. ఆమె తెల్లవారుజామున మిరపకోతలకు పోవునది. లేపుటకు మనసొప్పక, చీకటిలో కండ్లు తెరచుకొని పడియుండెడివాడు. చూరులో అలికిడియైన తేలో, పామో తెలియదు. కాలు తీయలేని మనిషికి అది చిన్న భయము కాదు. "దీపం కోసం ఒకర్ని లేపే పని తప్పింది అయ్యగారూ. నాకదే చాలు" అనెను. ఇట్టివానియొద్దకు పోయి ఆ యంత్రము మంచిదా, చెడ్డదా అని వాదించువాడు మొదట ఒక్క రాత్రి ఆ మంచముమీద పడుకొని రావలెనని నా అభిప్రాయము.

ఇక నాకు కష్టమైన భాగమునకు వచ్చుచున్నాను.

మా కుమార్తె ఇంటిలో అయిదేండ్ల మనవడున్నాడు. వాడు ఆ పెట్టెకు ఆజ్ఞలిచ్చుటయందు మా అందరికంటె గట్టివాడు. "అలెక్సా! లైట్స్ ఆఫ్! లైట్స్ ఆన్! బ్లూ!" అని అరచుచు గది నడుమ నిలుచుండును. దీపములు వాని మాట వినుచుండగా నేను చప్పట్లు కొట్టితిని. అదే సమయమున పాలమూరు వైపునుండి వచ్చి ఆ అపార్టుమెంటులో నాలుగిండ్లలో పనిచేసికొను స్త్రీ యొకతె వంటగదిలో గట్టు తుడుచుచుండెను. ఆ గట్టు రాయి మన ఊరి గెలాక్సీయే. దూరమునుండియే గుర్తుపట్టితిని. మనవడు తల త్రిప్పకయే, అదే గొంతుతో, "వాటర్!" అని అరచెను. ఆమె గుడ్డ ప్రక్కన పెట్టి, చేయి కడుగుకొని, గ్లాసుతో నీళ్లు తెచ్చి వాని ముందుంచి పోయెను. వాడు ఆమె వంక చూడలేదు. పెట్టెనైనను పేరు పెట్టి పిలిచెను. ఆమెకు ఆ పేరుకూడ లేదు.

నేను ఏమియు అనలేదు. ముప్పది యేండ్లు ప్రసంగపీఠము నెక్కినవాడను, నోరు మూసుకొని కూర్చుంటిని. చుట్టపుచూపుగా వచ్చి కూతురి ఇంట తగవెందుకని నాకు నేను చెప్పుకొంటిని. నిజము చెప్పవలెనంటే, చప్పట్లు కొట్టిన చేతులతో వెంటనే మందలించుటకు సిగ్గువేసినది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా నాయన జ్ఞాపకము వచ్చెను.

మా నాయన చిన్నతనములో, అనగా 1950ల దినములలో, ఈ ప్రాంతమింకను గుంటూరు జిల్లాలో నుండెను. ప్రకాశం జిల్లా లేదు. ఆయన పదేండ్లవాడై యుండగా తన తండ్రి చేసిన అప్పుక్రింద ఒక ఆసామియొద్ద జీతమున్నాడు. పగలు గొడ్లు కాయవలెను. ప్రొద్దుగూకగానే లాంతరు గాజును బూడిదతో తుడిచి, వత్తి సరిచేసి, కిరసనాయిలు పోసి, గొడ్లచావిడిలో తగిలించవలెను. ఇంటిలోపలి దీపము ఆయన ముట్టుటకు వీలులేదు. కులము అట్టిది. చావిడిలో గడ్డిమీదనే పండుకొనవలెను. ఎద్దు పలుపు తెంపుకొన్నను, బయట కుక్కలు మొరిగినను, ఆసామి అరుగుమీదనుండి ఒక కేక వేయును: "ఒరేయ్! దీపం!" ఆ రెండు మాటలకు పిల్లవాడు లేచి, లాంతరు పెద్దదిచేసి, వాకిటి అంచువరకు తీసికొనిపోయి పట్టుకొని నిలువబడవలెను. ఆలస్యమైతే తిట్లు. ఆసామి పని చూచుకొని "పో" అనువరకు చేయి దించరాదు.

గనుక, చదువరీ, మాటతో వెలుగు దీపము మనకు క్రొత్తది కాదు. మన పల్లెలలో అది ఎప్పుడో యుండెను. అప్పుడు ఆ పెట్టెలోపల ఒక పిల్లవాడుండెను. ఇప్పుడు లేడు. ఆ మేలుకు నేను దేవునికి కృతజ్ఞుడను. వెట్టిని రద్దుచేసిన చట్టము 1976లో వచ్చినది. చట్టము రాకముందే మా నాయన మిషను బడి పుణ్యమా అని నాలుగక్షరములు నేర్చి ఆ వాకిలి విడిచెను. అయితే ఆసామిని గూర్చి ఆయన చెప్పిన మాటలలో తిట్లను గూర్చినవి తక్కువ. ఆ ఇంట ఏడేండ్లున్నను ఎవరును తనను పేరుతో పిలువలేదని పదేపదే చెప్పెడివాడు. వారికి ఆయన పేరు తెలియునో లేదో కూడ ఆయనకు తెలియలేదు.

ఆదికాండములో హాగరు కథ మీకు తెలుసు. ఈసారి చదువునప్పుడు ఒక సంగతి గమనించుడి. శారా నోటను, అబ్రాహాము నోటను హాగరు పేరు ఒక్కసారియు రాదు. "దాసి" యనియే వారు చెప్పుకొందురు. విశ్వాసులకు తండ్రియైనవాని ఇంట సంగతి ఇది! అరణ్యములో నీటి ఊటయొద్ద దేవుని దూత ఎదురైనప్పుడే ఆమె పేరు మొదట పలుకబడినది. సెమినరీలో ఈ అధ్యాయమును ఎన్నియోమార్లు చదివితిని గాని, మా నాయన పోయిన తరువాతనే నా కంటికి ఇది కనబడెను.

ఆ పెట్టెతో మర్యాదగా మాటలాడవలెనా అని కొందరడుగుదురు. పిల్లలు "ప్లీజ్" అని అడిగినప్పుడు మెచ్చుకొను ఏర్పాటును 2018లో కంపెనీవారే దానిలో పెట్టిరి. నా మట్టుకు నాకు అది అంత పనికివచ్చునని తోచదు. యంత్రమునకు నొప్పి లేదు. దానికి వందనములు చెప్పకపోతే దేవుడు లెక్క అడుగడు. గాని నోరు ఒక్కటే. పెట్టెకొక నోరు, పనిమనిషికొక నోరు మనకు లేవు. యంత్రమెప్పుడును "కాసేపాగు" అనదు, విసుగుకొనదు, అలసిపోదు. దినమంతయు దానితో మాటలాడిన నోటికి, అలసిన మనిషి ఎదురైనప్పుడు ఓపిక ఎక్కడనుండి రావలెను? పెద్దవారమైన మనకే కష్టము, అయిదేండ్లవానిని ఏమనగలము?

మరియొకటి. ఆ దినములలో దీపము పట్టుకొన్న చేయి కేకకు అందునంత దూరములో నుండెను. ఆసామికి చూడవలెనని మనసుంటే కనబడును. ఇప్పుడు పనిచేయువారు కంటికి కనబడరు. మనము యంత్రముతో పలికిన మాటలలో కొన్నిటిని, అది మెరుగుగా వినుట నేర్చుకొనుటకై, మనుష్యులే కూర్చుండి విని వ్రాయుచున్నారని 2019లో పత్రికలలో వచ్చెను. అట్టివారు మన దేశములో కూడ ఉన్నారని అప్పుడు వ్రాసిరి. పిల్లల స్వరములను తల్లిదండ్రులు చెరిపివేయుమనినను సరిగా చెరుపలేదని అమెరికా ప్రభుత్వము అభియోగము మోపగా, అమెజాన్‌వారు తప్పు ఒప్పుకొనకయే 2023లో 2.5 కోట్ల డాలర్లు కట్టుటకు అంగీకరించిరి. ఇంటిలో ఆ పెట్టె నుంచుకొనువారు ఇది తెలిసి ఉంచుకొనవలెను. గాలివానలో మన వీధి స్తంభమెక్కు లైన్‌మన్ సంగతి చెప్పనక్కరలేదు. దీపము ఆరిపోయినప్పుడు తప్ప మనకతడు జ్ఞాపకమునకు రాడు, వచ్చినప్పుడు కూడ తిట్టుటకే.

మంచముమీదనున్న సహోదరుని కోడలు ఒక దినము ఆరాధన తరువాత నన్ను నిలిపి, "అయ్యగారూ, ఇదివరకు దీపం వేయడానికి లేచినప్పుడు మామయ్యకు కాసిని మంచినీళ్లు ఇచ్చి, పక్క సర్ది, రెండు మాటలు మాట్లాడి పడుకునేదాన్ని. ఇప్పుడు ఆయన పిలవడం లేదు. నాకు నిద్ర బాగానే పడుతోంది. కాని ఏదో తప్పు చేస్తున్నట్టుంది" అనెను. నిద్రపోవుట తప్పు కాదని చెప్పితిని. రోజంతయు వంగి మిరపకాయలు కోసిన నడుము ఆమెది. తరువాత ఆమెయే ఒక ఏర్పాటు చేసికొన్నది. రాత్రి దీపము ఆ పెట్టెది. ప్రొద్దుగూకినప్పటి మొదటి దీపము మాత్రము ఆమె వచ్చి చేతితో స్విచ్చి వేయును, లేదా తన కూతురిని పంపును. ఆ పిల్ల తాత మంచముమీద కూర్చుండి బడిసంగతులు చెప్పి పోవును. ఇది నేను చెప్పిన ఉపాయము కాదు. నాకు తట్టియుండెడిది కాదు.

ఆ తరువాత మా కుమార్తెకు ఫోనుచేసి, తన ఇంట పనిచేయు స్త్రీ పేరేమని అడిగితిని. ఆమె వెంటనే చెప్పెను. అంతవరకు తెలియనిది నాకే. ఆ దినమున నేను మాటలాడకపోవుటను గూర్చి కూడ చెప్పితిని. కూతురు కొంచెముసేపు పలుకలేదు. "వాడికి నేను చెబుతాలే నాన్నా" అనెను.

మొన్న మరల హైదరాబాదు పోయినప్పుడు ఆమెయే తలుపు తీసెను. నేను ఆమెను పేరు పెట్టి, "బాగున్నావా అమ్మా?" అని పలుకరించితిని. మనవడు ఆడుకొనుచున్నవాడు తలయెత్తి ఇద్దరివంక చూచెను. ఆమె చేతిలోని గుడ్డ క్రింద పెట్టి, "ఏం గావాలె సారూ?" అని అడిగెను.

"ఏమీ వద్దమ్మా" అంటిని.